తాడు పట్టే మొగోడు

రెడీమేడ్ చొక్కాలకు జేబులు కుట్టడం మానేశారు. దీని మీద ఎవరూ ధర్నా చేయడం లేదు. జనగామలో నేను ఎప్పుడూ కొనే దుకాణంలో అడిగితే, "ఇప్పుడు గిదే నడుస్తుంది సార్" అన్నాడు, జేబు ఏదో పాత రోగమైనట్టు. ఎర్ర పెన్ను, కళ్ళద్దాలు, బస్సు టికెట్... ఇన్నేళ్ళుగా ఎడమ రొమ్ము మీద మోసిన సంసారమంతా ఇప్పుడు చేతుల్లోకి వచ్చింది. అందుకే ఆ ఆదివారం రేగొండ దగ్గర మా అమ్మ చెల్లెలు, మా చిన్నమ్మ ఊళ్ళో, పోచమ్మ గుడి ముందు, ఒక చేతిలో ఫోనూ మరో చేతిలో మేకపోతు తాడూ పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. ఫోను చేతిలో ఉండటానికి కారణం చొక్కాకూ, గుడికని కట్టిన పంచెకూ జేబు లేకపోవడం. తాడు చేతిలో ఉండటానికి కారణం నేను మొగోణ్ణి కావడం. రెండింటిలోనూ నా ప్రమేయం తక్కువ.

అంతకు నాలుగు రోజుల ముందు చిన్నమ్మ ఫోన్ చేసింది.

"పోచమ్మకు యాటను ఇస్తున్నం కొడుకా. తాడు వట్ట ఒక మొగోడు గావాలె. నువ్వు రా."

"అంతమందిలో నేనే ఎందుకు చిన్నమ్మా?"

"నువ్వు నాగలి మొకం ఎరుగవు. మా పొలం మీద నీకు ఆశ ఉండదు."

ఉద్యోగానికి ఇంత స్పష్టంగా అర్హతలు చెప్పి పిలిచినవాళ్ళు నాకు ఇంతవరకు లేరు.

సంగతి ఇది. చిన్నాన్న పోయిన ఏడాది చనిపోయాడు. కొడుకుల్లేరు, ఒక్కతే బిడ్డ. మా చెల్లె. మహబూబాబాద్‌లో డిగ్రీ చదివి, తండ్రి మంచాన పడగానే తిరిగొచ్చి, అప్పటి నుంచి పొలం తనే చూసుకుంటోంది. కాగితం మీద ఆ పొలం తల్లీబిడ్డలదే. కానీ ఆ ఊళ్ళో కాగితం కంటే ముందు చదివేది ఇంకొకటుంది. నాట్లకు ముందు పోచమ్మ దగ్గర ఇంటి యాట, అంటే బలిచ్చే మేకపోతు తాడు ఎవరు పట్టుకుంటే ఆ ఇంటికి వాళ్ళే పెద్ద. ఆడవాళ్ళు బోనం ఎత్తుతారు, తాడు పట్టరు. చిన్నాన్న అన్న కొడుకు, చెల్లెకు అన్న వరస, చాలా రోజులుగా ఒకటే మాట అంటున్నాడు: తాడు తను పడతాడు, పొలం కూడా తనే చేసుకుంటాడు, ఆడపిల్లకు బురదలో ఏం పని? అతనికి ట్రాక్టర్ ఉంది. ఆ వాడకట్టులో అందరి పొలాలూ దున్నేది అదే.

నేను జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతాను. కాబట్టి మొగోడు అనే మాటతో నాకు బతుకుదెరువు సంబంధం ఉంది. వ్యాకరణం రాసిన పెద్దలు మగవాణ్ణి చెప్పే మాటలన్నిటికీ మహత్తు అని పేరు పెట్టారు. అంటే గొప్పది. మిగిలినవి అమహత్తు. పేరు పెట్టింది ఎవరో ఊహించడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఏకవచనంలో ఆమె, ఆవు, అల్మారా ముగ్గురూ ఒకే క్రియతో వస్తారు: వచ్చింది. బహువచనంలో ఆమెకు ప్రమోషన్ ఉంది, వచ్చారు అంటాం. ఒక్కతే ఉంటే అల్మారాతో, నలుగురు కూడితే మనుషులతో. ఇది బోర్డు మీద రాస్తుంటే తండా నుంచి వచ్చే ఒక లంబాడీ అమ్మాయి లేచి, "మా ఇంట్ల మాటల్ల చెట్టుకు, చెంబుకు గూడ ఆడ మొగ ఉంటది సార్. మీ తెలుగుల మా అమ్మకే లేదు" అంది. గంట కొట్టి నన్ను కాపాడారు.

మగ అనే మాట పుట్టుక ఇంకా ఇబ్బందికరం. పక్క భాషల్లో అదే మాట మీద కొడుకూ ఉన్నాడు, కూతురూ ఉంది. కన్నడంలో మగు అంటే పసిబిడ్డ. మన మగువ కూడా ఆ ఇంటి పిల్లే. మొదట్లో ఆ మాటకు సంతానం, పసిది అనే అర్థం ఉండేదంటారు. మీసం తర్వాత మొలిచింది.

ఇవన్నీ నాకు తెలుసు. మేకపోతుకు తెలియదు. అది నా వంక చూసి, నమలడం ఆపి, మళ్ళీ మొదలుపెట్టింది.

డప్పు ఆగింది. గుడి పనులన్నీ చూసే కుమ్మరాయన చెంబులో పసుపు నీళ్ళు తెచ్చాడు. పద్ధతి ఏమిటంటే, నీళ్ళు చల్లాక మేక తనంతట తాను ఒళ్ళు విదిలించుకోవాలి. దాన్ని జడ్తి అంటారు. జడ్తి ఇస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు. ఇవ్వకపోతే కత్తి లేవదు.

"ఎవలింటి యాట?" అని ఆయన గట్టిగా అడిగాడు. అది అడగడం ఆచారం. తాడు పట్టుకున్నవాడు జవాబు చెప్పాలి.

నేను చిన్నాన్న ఇంటిపేరు చెప్పాను. నాది కాని ఇంటిపేరు నా గొంతులో అద్దె ఇంట్లో సామాను సర్దుకున్నట్టు ఇబ్బందిగా పలికింది. నీళ్ళు చల్లాడు. వీపు తడిసింది. మేక కదల్లేదు.

రెండో చెంబు. నా చొక్కా తడిసింది. మేక కదల్లేదు.

చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె వెనక, తలమీద బోనంతో, చెల్లె నిలబడి ఉంది. ఆ మేకను పిల్లప్పటి నుంచి సాకింది ఆమే. అది ఒక్కసారి ఆమె వైపు చూసి అరిచింది. ఆమె చూపు తిప్పుకుంది.

"ఇంట్ల ఎవలన్న మనసుల ఏమన్న వెట్టుకున్నరా? ఉంటే ఇప్పుడే మొక్కున్రి" అన్నాడు కుమ్మరాయన.

చిన్నమ్మ ముందుకొచ్చి మోకాళ్ళ మీద కూచుంది. "తల్లీ, ఏం తప్పయినా మాది. ఒప్పుకో తల్లీ." మూడో చెంబు. ఏమీ లేదు.

అప్పుడు ఆ ట్రాక్టర్ అన్న గుంపులోంచి బయటికి వచ్చాడు. తెల్ల లుంగీ, మోకాలి దాకా మడిచి. "బయిటోని చేతి తాడు అమ్మకు ఎట్ల సయిస్తది చిన్నమ్మా? నేను జెప్తే ఇనకపోతిరి. సారు చదువుకున్నోడే, గాదనను. మేక తెలుగు పరీక్ష రాస్తదా?"

కొందరు నవ్వారు. నేనూ నవ్వేవాణ్ణే, మాట బాగానే ఉంది. కానీ అతను నవ్వడం లేదు. నా చేతిలోంచి తాడు తీసుకున్నాడు. లాక్కోలేదు, తీసుకున్నాడు. నేను చిన్నమ్మ వైపు చూశాను. ఆమె ముఖంలో అవును లేదు, కాదు లేదు. ఇప్పుడు మేక ఒక్కసారి వణికిందంటే పొలం పోయినట్టే. అక్కడున్న ప్రతి మనిషికీ ఆ సంగతి తెలుసు.

"ఎవలింటి యాట?"

"మా ఇంటిది" అన్నాడు అతను. ఆ 'మా' చాలా పెద్దది, అందులో రెండిళ్ళూ పట్టాయి.

నీళ్ళు పడ్డాయి. మేక చెవులు కదిలాయి. మళ్ళీ ఆగిపోయాయి. అంతే. అతను తాడు కొంచెం గుంజాడు.

"గుంజొద్దు! గుంజితే లెక్కకు రాదు" అని కుమ్మరాయన అరిచాడు. మళ్ళీ చల్లాడు. ఏమీ లేదు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. కత్తి పట్టుకున్న మనిషి దాన్ని ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు.

చెల్లె కదిలింది. నేరుగా నా దగ్గరికి వచ్చి, "అన్నా, గిది వట్టుకో" అని బోనం దించి నా చేతుల్లో పెట్టింది. ఫోను చంకలో ఇరికించుకుని బోనం అందుకున్నాను. ఆ ఊళ్ళో బోనం పట్టుకున్న మొదటి మహద్వాచకం నేనే అయ్యుంటాను.

"ఏందే? ఆడిపిల్ల తాడు వడ్తదా?" అన్నాడు ఆ అన్న.

"జడ్తి నీకియ్యలేదు గద" అంది చెల్లె. "నాకియ్యదో ఇస్తదో చూద్దాం. ఇయ్యి."

చెయ్యి చాచింది. అతను కుమ్మరాయన వైపు చూశాడు. కుమ్మరాయన చెంబు వైపు చూశాడు. పొద్దుటి నుంచి ఆయన ఏమీ తినలేదు. "ఇయ్యి బిడ్డా, ఎంతసేపు" అన్నాడు ఎవరినీ చూడకుండా. అతను తాడు ఆమె చేతికి ఇవ్వలేదు. కింద పడేశాడు. ఆమె వంగింది.

అప్పుడే, నీళ్ళు చల్లకుండానే, మేక ఒళ్ళంతా విదిలించింది. మెడ నుంచి తోక దాకా. పసుపు చుక్కలు నా మీద, బోనం మీద, అందరి మీదా పడ్డాయి.

డప్పు మోగలేదు. మోగాలా వద్దా అని డప్పాయన చూస్తున్నాడు.

"నేను వట్టుకున్నప్పటి నీళ్ళే అవి" అన్నాడు ఆ అన్న.

"ఇడిసిపెట్టినంక ఇచ్చింది" అంది ఒక ముసలావిడ.

కుమ్మరాయన నా వైపు తిరిగాడు. "సారూ, నువ్వు దగ్గర్నే ఉన్నవు. యాట జడ్తి ఇచ్చినప్పుడు తాడు ఎవల చేతుల ఉండె?"

అందరూ నన్నే చూస్తున్నారు. చిన్నమ్మ కూడా. చెల్లె పేరు చెప్పమని ఆమె కళ్ళు అడుగుతున్నాయి.

"ఎవ్వల చేతుల లేదు" అన్నాను. "కింద ఉండె."

కుమ్మరాయన గొంతు సవరించుకుని, ఆచారం ప్రకారం, మొదటి నుంచి అడిగాడు. "ఎవలింటి యాట?"

తాడు అప్పటికి చెల్లె గుప్పిట్లో ఉంది. "నాది" అంది. ఇంటిపేరు కూడా చెప్పలేదు.

డప్పు మోగింది. చిన్నమ్మ ఏడ్చింది. నేను బోనం ఎక్కడ దించాలో తెలియక అలాగే నిలబడ్డాను. ఆ అన్న చేతికంటిన పసుపును లుంగీకి తుడుచుకుని, చెల్లె ముందుకొచ్చి, డప్పు చప్పుడులోనూ వినిపించేటట్టు చెప్పాడు.

"యాట నీదే. రేపటి సంది నా ట్రాక్టర్ నీ పొలంల దిగదు."