ప్రశ్న అయ్యాకే టీ

మా బావకి ‘లేదు’ అనే మాట నోట్లోంచి రాదు. శాసనసభ క్యాంటీన్లో టీ పోయడం ఆయన పని, కప్పులు కడగడం నా పని. అక్కని చేసుకున్నప్పటి నుంచీ చూస్తున్నాను, ఎవరేం అడిగినా తలూపడమే. పాలు అయిపోతే పరిగెత్తుకెళ్ళి తెస్తాడు గానీ, వచ్చినవాణ్ణి ఉత్త చేతుల్తో పంపడు. చంకలో ఫ్లాస్కు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు కాబట్టి బంట్రోతు దగ్గర్నుంచి మంత్రి దాకా అందరూ ఫ్లాస్కు అనే పిలుస్తారు. పిలిస్తే మురిసిపోతాడు కూడా. నాకైతే ఒళ్ళు మండుతుంది. మనిషన్నాక కాస్త పౌరుషం ఉండక్కర్లేదా?

ఆ మంచితనమే ఓసారి మా కొంప ముంచింది.

మా పేటలో చిన్న ఆసుపత్రి ఒకటుంది. అందులో కాన్పుల గదికి తాళం పడి చాలా కాలమైంది. ఉన్న నర్సుకి బదిలీ అయింది, ఆవిడ చోటికి ఎవరూ రాలేదు. నొప్పులొస్తే వంతెన దాటి పెద్దాసుపత్రికి పోవాలి. ఆ వంతెన మీద బళ్ళు ఆగాయంటే ఇక కదలవు. పక్కింటి దర్జీ భార్య వంతెన మీద ఆటోలోనే కనింది. ఏదో అదృష్టం బాగుండి తల్లీబిడ్డా బతికి బట్టకట్టారు. అప్పట్నుంచి మా వీధిలో ఏ పిల్ల నెల తప్పినా, సంతోషం కంటే ముందు అందరికీ వంతెనే గుర్తొస్తుంది.

అందరం కలిసి మా ఎమ్మెల్యేని పట్టుకున్నాం. చెడ్డవాడేం కాదు పాపం, కానీ మహా నిదానం. లేవడం నిదానం, నడవడం నిదానం, కప్పు టీ తాగాలంటే పెళ్ళిభోజనమంత సేపు. చాటుగా నేనాయన్ని నిదానం గారు అంటాను. ఆసుపత్రి సంగతి ఆయన సభలో ప్రశ్నగా వేశాడు. దానికో పద్ధతుంది. ప్రశ్న వరస రాగానే స్పీకరు ఆ సభ్యుడి పేరు పిలుస్తారు. ఆ మనిషి సీట్లో ఉండాలి. లేకపోతే మంత్రి లేచి జవాబు చెప్పక్కర్లేదు, తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోతారు. అంతే సంగతులు.

పోయిన సమావేశాల్లో ఆయన పేరు పిలిచినప్పుడు నిదానం గారు మా క్యాంటీన్లో ఉన్నాడు. తాగింది చాలని లేవబోతుంటే, "ఇంకొక్కటి తాగండి, ఇప్పుడే అల్లం దంచి వేశాను" అని రెండో కప్పు చేతిలో పెట్టింది ఎవరనుకున్నారు? మా బావే. లోపల మాట్లాడేది వినబడేలా క్యాంటీన్ గోడకి ఓ మైకు డబ్బా ఉంటుంది. అందులోంచి "సభ్యులు లేరు, తర్వాతి ప్రశ్న" అని నేను తడి చేతుల్తో విన్నాను. బయటికొచ్చి చెప్పేలోపే అయిపోయింది.

ఇంటికెళ్ళి అక్కకి చెప్పేశాను. నా నోట్లో నువ్వుగింజ నానదు కదా. అక్క అరవలేదు, తిట్టలేదు.

"ఇక మీ చేతి టీ నాకొద్దు," అంది బావతో.

పెళ్ళయిన దగ్గర్నుంచీ పొద్దున్నే ఆయన పోసిచ్చిన టీ తాగందే ఏ పనీ మొదలుపెట్టని మనిషి, మర్నాటి నుంచి మంచినీళ్ళు తాగి పనిలో పడింది. బావ రోజూ ఓ కప్పు ఆవిడ ముందు పెట్టేవాడు. అది అలాగే చల్లారి మీగడ కట్టేది. చూడలేక నేనే పారబోసేదాన్ని.

అంతలో వాళ్ళమ్మాయి నీళ్ళోసుకుంది. అల్లుడూ అదీ మా వీధి చివరే ఉంటారు. ఏడో నెల వచ్చేసరికి పిల్లకి కాళ్ళు వాచాయి, రక్తపోటు పెరిగింది. నొప్పులు మొదలవగానే ఆసుపత్రిలో ఉండాలని, దార్లో ఆలస్యమైతే ప్రమాదమని డాక్టరు గట్టిగా చెప్పింది. మా గుండెల్లో రాయి పడింది.

ఈ సమావేశాల్లో నిదానం గారు ఆ ప్రశ్న మళ్ళీ వేశాడు. అది వచ్చే రోజు పొద్దున బావ బాయిలరు ముందు నిలబడి ఉలకడు, పలకడు.

"ఏంటి బావా, బెల్లం కొట్టిన రాయిలా అలా నిలబడ్డావు?"

"ఇవాళ ఆయన ఇటు రాకుండా ఉంటే బావుణ్ణు."

"రాకేం చేస్తాడు? నీ అల్లం వాసన సభ దాకా కొడుతుంటే."

అన్నట్టే వచ్చాడు. కుర్చీ లాక్కుని, పేపరు విప్పి, "ఫ్లాస్కూ, ఓ టీ పొయ్యవయ్యా," అన్నాడు. లోపల అప్పుడు వీధిదీపాల ప్రశ్న నడుస్తోంది. దాని తర్వాతది మాదే.

బావ కదల్లేదు. నేల చూపులు చూస్తూ, "టీ లేదండి," అన్నాడు.

నా చేతిలో కప్పు జారి తొట్టిలో పడింది. ఆయన నోటి వెంట ఆ మాట నేను వినడం అదే మొదలు. వెనకాల బాయిలరు బుసలు కొడుతూనే ఉంది.

నిదానం గారు పేపరు మీంచి చూశాడు. "మరి అందులో ఉడుకుతోందేంటి?"

"నీళ్ళండి."

"పాలో?"

"విరిగిపోయాయండి."

అబద్ధమాడటం కూడా చేతకాదు మహానుభావుడికి. పక్క బల్ల మీద పాలగిన్నె పొంగడానికి సిద్ధంగా ఉంది. గల్లాపెట్టె దగ్గరున్న కాంట్రాక్టరు లేచి నిలబడ్డాడు. "ఏం వేషాలివి? సార్‌కి టీ పోస్తావా, పని మానేసి పోతావా?" అన్నాడు.

అయినా బావ వెనక్కి తగ్గలేదు. "అయ్యా, పోయినసారి మీరు లేవబోతుంటే కూర్చోబెట్టి రెండో కప్పిచ్చింది నేనే. ఆ కప్పు వల్లే గది తెరుచుకోలేదు. ఇప్పుడు నా కూతురికి ఏడో నెల, దాని ఒంట్లో బాలేదు. ప్రశ్న అయ్యాక వచ్చి ఎన్ని కప్పులడిగినా పోస్తాను. ఇప్పుడు మాత్రం పొయ్యను," అన్నాడు.

నిదానం గారి మొహం కందగడ్డలా ఎర్రబడింది. పేపరు బల్ల మీద పడేసి వెళ్ళిపోయాడు. లోపలికెళ్ళాడో, అలిగి ఇంటికెళ్ళాడో ఎవరికి తెలుసు? బావ మైకు డబ్బా కింద నిలబడ్డాడు. నేనూ చేతులు తుడుచుకుని పక్కన నిలబడ్డాను.

వీధిదీపాలు అయిపోయాయి. స్పీకరు మా ఎమ్మెల్యే పేరు పిలిచారు. జవాబు లేదు.

"సభ్యులు ఉన్నారా?"

బావ కళ్ళు మూసుకున్నాడు. నాకు ఏడుపొచ్చేసింది.

అప్పుడు ఏదో కుర్చీ కిర్రుమంది. "ఉన్నానధ్యక్షా," అని రొప్పుతూ ఓ గొంతు. ఆ మనిషి జన్మలో మొదటిసారి పరిగెత్తి ఉంటాడు.

మంత్రి లేచి ఎప్పుడూ చెప్పేదే చెప్పారు. విషయం పరిశీలనలో ఉందన్నారు. మామూలుగా అయితే నిదానం గారు అక్కడితో కూర్చునే రకం. కానీ ఆ రోజు కూర్చోలేదు.

"ఎప్పటిదాకా పరిశీలిస్తారధ్యక్షా? మన క్యాంటీన్లో టీ పోసే ఆయన కూతురికి ఏడో నెల. ఈ ప్రశ్న అడిగేదాకా టీ ఇవ్వనని ఇప్పుడే నన్ను గెంటేశాడు. తేదీ చెప్పకపోతే నేనింక అక్కడ మొహం చూపించలేను," అన్నాడు.

సభంతా నవ్వులు. ప్రతిపక్షం నుంచి ఎవరో, "మంత్రి గారూ, మాకూ టీ బంద్ అవుతుంది, తేదీ చెప్పండి," అన్నారు. మంత్రి కూడా నవ్వేశారు. నవ్వాక ఇక తప్పించుకోలేకపోయారు. వచ్చే నెలాఖరుకి ఇద్దరు నర్సుల్నీ, ఓ డాక్టర్నీ వేసి గది తెరిపిస్తానని సభలో మాటిచ్చారు.

బావ వెళ్ళి ఓ కప్పు వేడినీళ్ళతో కడిగి, దాన్ని పట్టుకుని నిదానం గారి కోసం గుమ్మంలో నిలబడ్డాడు. ఆయనొచ్చి నిలబడే టీ తాగాడు. కాంట్రాక్టరు మాత్రం వారం రోజులు రుసరుసలాడుతూనే ఉన్నాడనుకోండి.

చెప్పిన రోజుకే గది తెరుచుకుందంటే మీరు నమ్మరు, తెరుచుకోలేదు కూడా. గచ్చు బాగుచేయాలన్నారు, మంచాలు రావాలన్నారు. నిదానం గారు నిదానంగానే అయినా ఆ ఆఫీసుల చుట్టూ తిరిగాడు. మొత్తానికి మా పిల్లకి నెలలు నిండేలోపు తెరిచారు.

నొప్పులు మధ్యాహ్నం వచ్చాయి. నన్నూ వాళ్ళమ్మనీ చెరోవైపు పట్టుకుని పిల్ల నడిచే వెళ్ళింది. బావ ఫ్లాస్కు చంకలో పెట్టుకుని వెనకాలే వచ్చి వరండాలో కూర్చున్నాడు. కాసేపటికి చిన్న నర్సు దుప్పటి కోసం బయటికొచ్చింది.

"బాబాయ్, టీ వాసనొస్తోంది. నాకో గుక్క పోస్తారా?"

బావ ఫ్లాస్కుని గుండెకి హత్తుకున్నాడు. "టీ లేదమ్మా. వేడినీళ్ళు."

ఆ పిల్ల నవ్వాపుకుంటూ, "ఎమ్మెల్యేకి టీ ఇవ్వని ఆయన మీరేనా?" అని లోపలికి పరిగెత్తింది.

సాయంత్రం ఎండ వరండాలో ఉండగానే లోపల్నుంచి ఏడుపు వినిపించింది. ఆడపిల్ల. తల్లి క్షేమం. బావ ఫ్లాస్కు మూత తిప్పి, కంగారులో సగం టీ గచ్చు మీదే పోశాడు. ముందు నర్సుకిచ్చాడు, తర్వాత అల్లుడికి, తర్వాత నాకు. అక్క తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. ఆవిడ వైపు చూడ్డానికి కూడా ఆయనకి ధైర్యం చాల్లేదు, మూత పెట్టేయబోయాడు.

"నాకు లేదా?" అంది అక్క.

"ఉంది," అన్నాడు.

"అల్లం వేశారా?"

"వేశాను."

అక్క ఆయన పక్కనే కూర్చుని మెల్లగా తాగింది. తాగి, రెండో కప్పు కూడా అడిగి పోయించుకుంది.