వియ్యంకుడి మీద బకెట్టెడు నీళ్లు

పొద్దున్నే ఫోన్‌లో మెసేజ్ వచ్చింది, ఈరోజు వడగాలులు వీస్తాయి, మధ్యాహ్నం బయటికి రావద్దని. ఆ వెనకే భీమవరం నుంచి పెళ్లి పిలుపు, మిట్టమధ్యాహ్నం ముహూర్తం. రెండూ చూసి నవ్వొచ్చింది, మా మేనత్త గుర్తొచ్చింది.

అత్తయ్య కూతురి పెళ్లి కూడా నడి వైశాఖంలోనే. మా గోదావరి జిల్లాల్లో మర్యాద సంగతి తెలిసిందే, ఎదుటివాళ్లు ఉక్కిరిబిక్కిరయ్యేదాకా చేస్తాం. మగపెళ్లివారు బస్సు దిగగానే పన్నీరు చల్లి, మేళం పెట్టి, ఎండలో ఊరంతా నడిపించాం. వియ్యంకుడు గారు పట్టుపంచె మీద కోటు వేసుకొచ్చారు. కొడుకు పెళ్లిలో అది విప్పడం ఆయనకి నామోషీ. పందిట్లోకి వచ్చాక సంబంధం లేకుండా ఏదేదో మాట్లాడుతూ కూలబడిపోయారు. ఒళ్లు కాలిపోతోంది, చెమట చుక్క లేదు. మర్యాద తెలిసినవాళ్లం కదా, తలో గ్లాసు మజ్జిగతో ఆయన మీదికి వెళ్లాం. ఎవరో జ్వరమనుకొని శాలువా కప్పబోయారు.

అత్తయ్య ఆ శాలువా లాగేసింది. మా తాతయ్యకి, అంటే ఆవిడ తండ్రికి, ఎండాకాలం దాళ్వా వరికోతల్లో ఎండదెబ్బ తగిలితే ఇలాగే జ్వరమని దుప్పటి కప్పారట. ఆయన మళ్లీ లేవలేదు. "స్పృహ లేని మనిషి నోట్లో ఏమీ పోయకండి. అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యండి" అంటూ, వియ్యంకుడు గారి కోటు విప్పేసి బకెట్టెడు నీళ్లు కుమ్మరించింది. పెళ్లికూతురి తల్లి చేసిన పని అది. మేళం ఆగిపోయింది. పెళ్లికొడుకు మేనమామ లేచి, "ఏంటండీ ఇది? ఈ సంబంధం మాకు అక్కర్లేదు" అన్నాడు. పెళ్లికూతురి మొహం పాలిపోయింది.

"సంబంధం సంగతి తర్వాత మాట్లాడదామండీ. ముందు మనిషిని బతకనివ్వండి" అంది అత్తయ్య, తలెత్తకుండా. మర్నాటి విందుకి తెచ్చిన రొయ్యల పెట్టెలోంచి ఐసు తీసి, గుడ్డలో చుట్టి, ఆయన చంకల్లో, మెడ పక్కన పెట్టింది. మేమంతా విసనకర్రలు అందుకున్నాం.

ఆసుపత్రిలో డాక్టరు గారు అడిగిన మొదటి మాట, ఈ రొయ్యల వాసన ఎక్కడిదని. వెంటనే చల్లబరిచారు కాబట్టే దక్కారని తర్వాత చెప్పారు. ఆ మాట విన్న మేనమామ వచ్చి అత్తయ్యకి దణ్ణం పెట్టాడు. వియ్యంకుడు గారు కోలుకున్నాక పెళ్లి జరిగింది, ఈసారి రాత్రి ముహూర్తానికి. అత్తయ్య పందిట్లో తిరుగుతుంటే, ఈవిడ మా అత్తయ్య అని తెలియనివాళ్లకి కూడా చెప్పుకున్నాను.

పోయిన వేసవిలో మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి వియ్యంకుడు గారు నూలు చొక్కాలో దిగారు. "చెల్లెమ్మ గారూ, బకెట్టు సిద్ధంగా ఉందాండీ?" అని గుమ్మంలోనే అడిగారు. ఏటికేడాది ఎండలు ముదురుతున్నాయి గానీ, ఆవిడ ఆనాడు బతికించిన మనిషి వయసు ఇంకా పెరుగుతూనే ఉంది.