కారం చేతులు

అప్పుడు మా అబ్బాయికి మూడో ఏడు. చిలకలూరిపేట దగ్గర పల్లెలో ఉండేవాళ్లం. ఇంట్లో నేనూ, బాల్వాడీలో ఆయమ్మా ఎంతో ఓపికగా వాడికి దొడ్డికి కూర్చోవడం అలవాటు చేశాం.

ఓ సాయంత్రం కళ్లంలో మిరపకాయలు ఏరి వచ్చిన మా అత్తయ్య, దొడ్డికెళ్లిన వాడిని కడిగింది. వాడు మంటకి గిలగిలా కొట్టుకుంటూ కేకలు పెట్టాడు.

"సబ్బుతో చేతులు కడుక్కున్నానే అమ్మాయ్!" అంది ఆవిడ.

ఆ తర్వాత ఇంట్లోనైనా, బాల్వాడీలోనైనా కూర్చోబెడితే చాలు, బిగుసుకుపోయేవాడు. మూడోనాటికి పొట్ట రాయిలా అయింది. డాక్టరు దగ్గరికి బయల్దేరుతుంటే అత్తయ్య కొబ్బరినూనె రాసి, సున్నిపిండితో రుద్దుకున్న చేతులు వాడి ముందు చాపింది.

"వాసన చూడు నాన్నా, కారం లేదు."

వాడు రెండు అరచేతులూ వాసన చూసి, ఆవిడ మెడ పట్టుకుని అక్కడే దొడ్డికి కూర్చున్నాడు.

అత్తయ్యకి కళ్లం అంటే ప్రాణం. ఆ ఏడు మాత్రం మళ్లీ అటు అడుగు పెట్టలేదు.