చప్పట్లు కొట్టకూడని చోట

కాన్‌బెరా పార్లమెంటు గ్యాలరీలో నా పక్కన కూర్చున్నావిడ సిడ్నీలో నర్సు, పేరు పద్మ. కింద సభలో ప్రతిపక్ష నాయకుడు ముందు యూరప్‌తో వాణిజ్య ఒప్పందం మీద, తర్వాత ఆస్పత్రుల మీద ప్రధానిని నిలదీస్తున్నారు. మధ్యలో ఒక కాగితం తీసి, "సిడ్నీ శివారు ద పాండ్స్ నుంచి పద్మ అనే నర్సు నాకిలా రాశారు" అని చదివారు.

పద్మగారు నిటారుగా కూర్చున్నారు.

"మీరేనా!" అంటూ చప్పట్లు కొట్టేశాను. గార్డు వచ్చి, ఇక్కడ చప్పట్లు కొట్టకూడదని మెల్లగా చెప్పి వెళ్లాడు.

"మీరు వాళ్ల పార్టీయేనా?" గుసగుసగా అడిగాను.

"కాదండీ. లాస్ట్ ఎలక్షన్‌లో గవర్నమెంట్‌కే ఓటేశా. లెటర్‌లో ఆ మాట కూడా రాశా. అయినా చదివారు చూడండి!"

మళ్లీ మోగకుండా నా చేతులు గట్టిగా కట్టుకున్నాను.