మేకుకు తగిలించిన ఎర్త్ తీగ

"అక్కా, మేస్త్రీ కాక పెట్టె ముట్టి కిందవడ్డడు. లేస్తలేడు." మా చేను చూసుకునే ఆమె ఫోన్‌లో అరిచింది. గద్వాల నుంచి నేను వడ్డేపల్లి దగ్గరి చేను చేరేసరికి, ఎన్నో ఏళ్ళుగా మా ఊళ్ళకు కరెంటు పని చేసిన మనిషి మా మోటరు స్టార్టరు పెట్టె ముందు పడి ఉన్నాడు. కాళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి.

చుట్టం కాదు. కాకా అని పిలిచేదాన్ని.

మా బోరు దగ్గరి ఎర్త్ గుంత ఆయన తవ్వించిందే. మనిషి లోతు గుంతలో ఇనుప పైపు నిలబెట్టి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేశాడు. అంత ఉప్పు చూసి, "తొక్కు వెడుతున్నవా కాకా?" అన్నాను.

"ఎమ్మే చదివినవ్, ఎర్త్ ఏందో తెల్వకపాయె! పెట్టెకు కరెంటొస్తే గీ తీగ భూమిలకు గుంజుకపోతది. ఫీజు కొట్టేస్తది, మనిషి బతుకుతడు."

బోల్టు బిగించేముందు అక్కడి రంగూ తుప్పూ గీకేవాడు. బిగించాక తీగను రెండు చేతులతో గుంజి చూసేవాడు. గుంత ఎండితే ఎర్త్ పనిచేయదని, ఎండలు ముదరగానే ఫోన్ చేసేవాడు: "గుంతకు నీళ్ళు తాపినవా బిడ్డా?" పశువు గురించి అడిగినట్టే. ఇన్నేళ్ళు తడి చేతులతో మోటరు వేసి బతికామంటే ఆయన పనితనం వల్లే.

ఎవరి పెట్టెనైనా టెస్టర్ పెట్టి చూడనిదే ముట్టేవాడు కాదు. ఆ రోజు పని మీద రాలేదు. దారిన పోతూ ఆగి, కాళ్ళు కడుక్కుని, తొట్టి పొర్లుతోందని మోటరు బంద్ చేయబోయాడట. తను వేసిన ఎర్తే కదా అనుకున్నాడేమో. నాకలా అనిపిస్తుంది. అడుగుదామంటే ఆయన లేడు.

ఒకటి మాత్రం నాకు తెలుసు. పోయినేడు వాన జల్లు కొడుతోందని పెట్టెను అవతలి గోడకు మార్పించాను. ఎర్త్ తీగ రెండు మూరలు తక్కువైంది. కూలీలు దాన్ని చుట్ట చుట్టి పాత మేకుకు తగిలించారు. నేను చూశాను. అది లేకున్నా మోటరు నడిచింది, పత్తికి నీళ్ళు పారాయి. కాకకు చెప్పాలనుకుంటూనే ఏడాది గడిపేశాను. ఈ ఎండాకాలమూ ఆయన ఫోన్ చేస్తే, "తాపిన కాకా" అన్నాను. అబద్ధం కాదు. తాపాను, ఏ పెట్టెకూ కలవని గుంతకు.

పదోనాడు ఆయన భార్యకు చెప్పేశాను. "తీగ ఊడింది చూసిన చిన్నమ్మా. చూసి గూడ ఊకున్న."

విస్తర్లు ఎత్తుతున్న ఆమె ఆగింది. "గంత చదివినవ్. నీకు గది తెల్వకపాయెనా బిడ్డా?"

తిట్టలేదు. తిడితే బాగుండేది.

తర్వాత వేరే మేస్త్రీ వచ్చి కొత్త తీగ బిగించాడు. పావుగంట పని. అతను పోయాక రెండు చేతులతో గుంజి చూశాను. గట్టిగానే ఉంది. పెట్టె మునుపున్న గోడకు ఆ పాత మేకు అలాగే ఉంది, ఖాళీగా. దాని కింద సున్నంలో, ఏడాదిపాటు గాలికి ఊగిన తీగచుట్ట గీసిన గుండ్రటి గీత.