పొడుగు చేతుల జాకెట్టు మాన్పించిన దేవుడు

ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు సహోదరులారా! మాది భావనపాడు, ఎండుచేపలు అమ్ముకుంటాను. ఈ సాక్ష్యం నా కూతురు కరుణ గురించే గాని, తప్పు మాత్రం నాదే.

ఆరు నెలల పిల్లప్పటి నుంచి దానికి దురద. మోచేతుల మడతల్లో, మోకాళ్ళ వెనక కందిపోయి, రక్తం వచ్చేదాకా గోక్కునేది. మా అత్త, "మా ఇంటా వంటా నేదే ఇలాటి రోగం! ఏటి పాపం సేసినావే?" అన్నప్పుడల్లా నేను తల వంచుకునేదాన్ని. ఎందుకంటే నా చిన్నతనమంతా అదే దురద, మా అమ్మకూ అదే! పెళ్ళిచూపులకు మచ్చలు కనబడకుండా అమ్మ నాకు పొడుగు చేతుల జాకెట్టు తొడిగింది, ఇక ఎర్రటి ఎండలో చేపలు ఆరబెడుతున్నా సరే నేను దాన్ని వదల్లేదు.

మా వాడలో గజ్జికి సముద్రమే మందు. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక కరుణను అలల్లో ముంచేదాన్ని, ఆ పుళ్ళ మీద ఉప్పునీళ్ళు పడి అది నా మెడ పట్టుకుని ఏడుస్తుంటే, "తండ్రీ, నా పాపం దీని ఒంటి మీద వెయ్యకు, కొడితే నన్ను కొట్టు" అని ప్రార్థించేదాన్ని. అయ్యో, ఎంత తెలివితక్కువదాన్ని!

ఒకసారి పుళ్ళు చీము పట్టి జ్వరం వచ్చేసింది. అత్తా నేనూ పిల్లను శ్రీకాకుళం తీసుకెళ్ళాం. బస్సులో దారంతా నాది ఒకటే ప్రార్థన: "ప్రభువా, పిల్లను బతికించు, నా నోరు తెరిపించు." డాక్టరమ్మ చూసి, "ఇది ఎగ్జిమా, అంటుకునేది కాదు. మీ కుటుంబంలో ఇంకెవరికైనా ఉందా?" అంది. అత్త "నేదమ్మా" అనేసింది. నేను జాకెట్టు చెయ్యి పైకి లాగాను!

పాపమూ కాదు శాపమూ కాదు, కొన్ని కుటుంబాల్లో చర్మం పుట్టుకతోనే అలా పొడిబారి ఉంటుంది, సముద్రం మాన్పించి స్నానం అవగానే పూతమందు రాయండి అని ఆమె చెబుతుంటే, కరుణ నా మచ్చల మీద వేలు పెట్టి, "అమ్మా, నీకూ ఉన్నాదా? మరి నన్నొక్కదాన్నే ముంచినావేటే?" అంది. అక్కడే కూలబడి ఏడ్చాను సహోదరులారా.

దురద పూర్తిగా పోలేదు, వస్తుంది, తగ్గుతుంది. పోయింది నా భయం, నా అబద్ధం! ఇప్పుడు మా అత్తే, "ఇన్నాళ్ళూ ఎలాగ ఓర్సుకున్నావే" అంటూ మా ఇద్దరికీ మందు రాస్తోంది. చూడండి, ఈ రోజు పొట్టి చేతుల జాకెట్టుతో మీ ముందు నిలబడ్డాను. మీరు దాచుకున్నది ఏదైనా సరే, ఆయన దగ్గరికి తెండి, ఆయన అసహ్యించుకోడు. దేవునికే మహిమ!