ఖాళీగా ఉంచమన్న గడి

అంకులిలో మా ఇంటి దగ్గరి డీటీపీ షాపులో ఎవరి రెజ్యూమే అయినా ఒకటే పద్ధతి. కొత్తగా టైపు చేయరు. పాత కస్టమరు ఫైలు తెరిచి, పేరూ ఫోటో మార్కులూ మార్చి ఇచ్చేస్తారు. నాకు ప్లస్ టూలో నలభై ఏడు శాతం. ఆ అంకె చూస్తేనే ఒళ్లుమంట. అందుకే ఆ గడి ఖాళీగా ఉంచమని షాపాయనకు ముందే చెప్పాను.

ప్రింటు తీసిస్తే ఆ గడిలో ఎనభై మూడు ఉంది.

"ఇది నాది కాదన్నా," అని చిరాకుపడ్డాను.

"సెరిపేసినానమ్మా, సూడు," అంటూ కంప్యూటరు తెర నా వైపు తిప్పాడు. తెర మీద గడి ఖాళీగానే ఉంది. మళ్లీ ప్రింటు కొట్టాడు. మళ్లీ ఎనభై మూడే.

"ఎవరివన్నా ఈ మార్కులు?"

ఆయన తెరను తన వైపు తిప్పుకున్నాడు. "భంజనగర్ పిల్లమ్మా, ఇక్కడ హాస్టల్లో ఉండీది. ఏ ఇంటర్వ్యూకైనా నా కాడే తీయించుకునీది. ఆకర్న ఆళ్ల నాన్న ఒచ్చి, ఇందులో ఫోటోనే పెద్దది సేయించుకుని ఎల్లినాడు. దండెయ్యడానికి."

"నా మార్కులే కొట్టన్నా. నలభై ఏడు," అన్నాను.

ఈసారి నలభై ఏడే వచ్చింది.

ఇంటర్వ్యూలో ఆఫీసరు ఆ అంకె మీద పెన్ను ఆనించి, "ఇంత తక్కువైతే రాయకుండా వదిలేయొచ్చు కదమ్మా?" అన్నాడు. ఖాళీగా వదిలితే అందులో ఎవరో వచ్చి కూర్చుంటారని ఆయనకెలా చెప్పను?